మూడో ఇనుము

ఆ చలికాలం కిషినేవ్‌లో
రోజుకు నాలుగు గంటలే కరెంటు.
ట్రాలీబస్సులు నడివీధిలో ఆగిపోయి
కొమ్ములెత్తిన ఎద్దుల్లా మంచు మోశాయి.
మూడో అంతస్తులో నేను
ఉన్ని చేతిజోళ్ల మీద రబ్బరువి తొడుక్కుని
ఫ్లాస్కులు కడిగేదాన్ని.
నీళ్లు గడ్డకట్టకముందే కడగాలి,
నాకున్న నియమం అదొక్కటే.

స్మరాండా కలిపేది:
ఇనుప లవణం, పివాలిక్ ఆమ్లం.
తడిసిన మేకపోతు వాసన దానిది.
బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీ.
ఫాయినా ల్వోవ్నా చూసేది:
ఎక్స్ కిరణాలు పట్టి
ఏ పరమాణువు ఎక్కడ కూర్చుందో.
భాషల చట్టం వచ్చిన నాటినుంచి
ఇద్దరూ ఎడమొహం పెడమొహం.
ఒకామె రుమేనియన్‌లో గోడకు చెప్పేది,
ఒకామె రష్యన్‌లో కిటికీకి.
గోడకూ కిటికీకీ మధ్య నేను.
"ద్రావణం చిక్కబడిందని చెప్పు."
"పోయినసారి స్ఫటికం పగిలిందని చెప్పు."
మా ఇంట్లో మాట్లాడేది గగౌజ్.
ఆ భాషలో నన్నెవరూ ఏమీ చెప్పమనలేదు.

మార్చిలో తెర తీశాను.
డిసెంబరు నుంచి మరిచిపోయిన ఫ్లాస్కు ఒకటి
కిటికీ గట్టు మీద.
కుళాయి కింద పెట్టి, బ్రష్షు అందుకుని,
ఎందుకో వెలుతురుకెత్తి చూశాను.
అడుగున ముదురుపాకం రంగు ముక్కలు,
ప్రతిదానికీ కోసినట్టు అంచులు.
ఇంకో క్షణమైతే
మురుగు కాలవకు ఇచ్చేసేదాన్ని.

ఆ నాలుగు గంటల కరెంటు కోసం
ఫాయినా ల్వోవ్నా రాత్రిళ్లు కాపు కాసింది.
వెనకవైపు ఖాళీగా ఉన్న గోడకాగితం మీద
చివరికి బొమ్మ గీసింది.
నడుమ ఒక ప్రాణవాయువు.
చుట్టూ మూడు ఇనుములు, సమానదూరంలో.
ఒక్కో అంచుకు రెండేసి వంతెనలు.
ఒక్కో ఇనుము వీపున ఒక నీటి అణువు,
బయటికి చూస్తూ.

చిటికెడు పొడి గొట్టంలో కూరి
కీవ్ రైలు కండక్టరు చేతిలో పెట్టాం,
ఒక సీసా వైన్‌తో సహా.
అక్కడ ద్రవ హీలియం ఉందట.
మాకు వేడినీళ్లే లేవు.

జూన్‌లో కవరొచ్చింది. లోపల ఒకే గీత,
చలి పెరిగేకొద్దీ కిందికి జారుతూ.
స్మరాండా గోడకు చెప్పింది:
వేడిగా ఉన్నంతసేపు ఎవరి గోల వాళ్లది,
చల్లబడితేనే పక్కవాడున్నాడని తెలుస్తుంది.
ఫాయినా ల్వోవ్నా కిటికీకి చెప్పింది:
ఒక్కో ఇనుములో ఒంటరి ఎలక్ట్రాన్లు అయిదు,
పక్క ఇనుముకు ఎదురు తిరగడమే వాటి నైజం.
ఇద్దరి నోటా ఒకే మాట దొర్లింది, స్పిన్.
దాన్ని నేను అటూ ఇటూ మోయనక్కర్లేకపోయింది.

అప్పుడే అడిగేశాను, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ:
"ఇది పైకి చూస్తే అది కిందికి. సరే.
మూడోది ఎటు చూడాలి?"

ఇద్దరూ నావైపు తిరిగారు.
ఒకేసారి.
ఎవరూ వెంటనే జవాబు చెప్పలేదు.

తర్వాత చెప్పారులెండి.
దానికో పేరుందట, ఆశాభంగం అని.
ఎటు తిరిగినా ఎవరో ఒకరితో చెడుతుంది గనక
మూడూ తలో కొంచెం ఒరుగుతాయట.
పదిహేను ఒంటరుల తగవు తీరాక
లెక్కకు మిగిలేది ఒక్కటి.
ఆ ఒక్కటే బయటి అయస్కాంతానికి బదులిస్తుంది.

వాళ్లు కలిసిపోయారనుకోకండి.
మర్నాడు మళ్లీ గోడ, మళ్లీ కిటికీ.
కాకపోతే ఒక సాయంత్రం
స్మరాండా టీలో పంచదార కలుపుతూ
గగౌజ్‌లో ఇనుమును ఏమంటారని అడిగింది.
"దెమిర్," అన్నాను.
కిటికీ దగ్గర ఫాయినా ల్వోవ్నా
తనలో తాను అనుకుని చూసుకోవడం
విననట్టు ఉండిపోయాను.

నా లెక్కల్లో ఒక ఫ్లాస్కు తక్కువ.
అడుగున గోధుమరంగు వలయం ఉన్నది.
అదొక్కటీ కడగలేదు.