లాకుల సెంటర్లో ఎడం మలుపు

నాది ఐసు లారీ.
తెల్లారేలోపు రొయ్యల చెరువు గట్టు మీద దిమ్మలు దింపాలి.
ఎదురుగా రోడ్డంతా కనపడుద్ది,
కుడి అద్దంలో వెనకున్న ఊరంతా కనపడుద్ది,
ఎడం తలుపు కింద మాత్రం
ఓ గుడ్డి జాగా ఉంటది,
ఓ సైకిలూ, సైకిలెక్కిన మనిషీ
నిలువునా పట్టేంత.

ఆ జాగాకి కన్ను మా క్లీనరు ఇశ్రాయేలు.
చెయ్యి బయటికేసి
ఒక్కసారి కొడితే ఆగు, రెండుసార్లు కొడితే పోనీ.
రేకు మీద వాడి అరచేతి చప్పుడే
పదకొండేళ్లుగా నా ఎడం కన్ను.

ఆ రోజు వాడికి జ్వరం.

వంతెన దిగ్గానే నాలుగు దారులు.
ఒకటి రావులపాలెం గెలల మార్కెట్టుకి,
ఒకటి కాలవ గట్టెంట చెరువులకి,
మిగతా రెండూ వరిచేలల్లోకి పోయి ఎక్కడ కలుస్తాయో నాకు తెలీదు.
సిగ్నలు లేదు. ఉన్న ఒక్క బల్బూ
టీకొట్టు కాంతమ్మది.

కార్తీకం మంచు. వైపరు తిప్పినా
అద్దం మీద పాలు పోసినట్టే ఉంది.
హారన్ కొట్టాను. గట్టిగానే కొట్టాను.
కొట్టాను కాబట్టి దారి నాదనుకున్నాను.
ఎడమకి కోశాను.

పెద్ద చప్పుడేం కాలేదు.
అరటి దొప్ప చిట్లినట్టు, అంతే.

దిగి చూస్తే
నా వెనక టైరుకి మూరెడు దూరంలో అతని ముందు చక్రం.
ఆరు గెలల్లో ఒకటి రోడ్డు మీద, చక్కెరకేళి.
మరిడయ్య మిగతా అయిదింటినీ పడనివ్వలేదు,
నడుం ఆనించి నిలబడ్డాడు.

తిడతాడనుకున్నా. నా తిట్లు నా దగ్గరా సిద్ధంగా ఉన్నాయి,
"సందులోంచి దూరతావేంట్రా" అని మొదలయ్యేవి,
పది టన్నులోడు రెండు చక్రాలోడితో మాట్లాడే భాష.

అతను మెల్లిగా అన్నాడు:
"హారన్ ఇన్నానండి. ఇని ఏం చెయ్యను?
తల తిప్పితే తిప్పినేపుకే బండి ఒరిగిపోద్ది.
ఆగడం తేలికేనండి,
మళ్లీ కదలాలంటేనే ఎనకనించి ఒకడు తొయ్యాలి."

పడ్డ గెల ఎత్తి కట్టబోతే తెలిసింది.
నాకు ఆగడమంటే పాదం.
అతనికి ఆగడమంటే వెన్నుపూస.

మా అయ్య ఈ లాకుల మీదే లస్కరు,
పడవలు తిరిగే రోజుల్లో.
"పై నీళ్లూ కింది నీళ్లూ ఒక మట్టానికి రాందే
తలుపు తియ్యకూడదురా,
తొందరపడితే చిన్న పడవే ముందు మునుగుద్ది" అనేవాడు.
స్టీరింగు పట్టాక ఆ మాట ఏ మలుపులో పారేసుకున్నానో.

ఇప్పుడు వంతెన మీదే నెమ్మదిస్తాను.
ఇండికేటరు ముందే వేస్తాను,
వేసినంత మాత్రాన హక్కొచ్చిందనుకోను.
ముందు సైకిలుంటే దాటేసి కొయ్యను,
దాని వెనకాలే
పెళ్లి ఊరేగింపులో మావగారిలా వస్తాను.

మరిడయ్యా మారాడు, చెప్పుకోవాలి.
పసుప్పచ్చ దీపం కొట్టుకుంటుంటే సందులోకి రాడు,
నా అద్దంలో పడేట్టు వెనకే ఉంటాడు.
ట్యూషనుకెళ్లే ఆడపిల్లలకీ చెప్పాడంట:
"డ్రైవరు మొకం మీకు కనపడాపోతే
ఆడికి మీరు లేనట్టేనమ్మా."
వాళ్లలో సగం మంది వినరు,
నలుగురూ ఒకే వరసలో కబుర్లు.
నేనూ రోజూ వినను. చెరువు ఆసామి ఫోను మీద ఫోను చేస్తే
నా పాదం నా మాట మర్చిపోద్ది.
సిగ్గుగానే చెప్తున్నా.

నిన్న వేకువన ఏడు సైకిళ్లు,
ఏడూ గెలలతోనే.
ఆగాను.
వెనక ఎవరిదో కొత్త కారు ఒకటే కూత.
ఇశ్రాయేలు తలుపు మీద చెయ్యి ఆనించి ఉంచాడు,
కొట్టలేదు.
లారీ అడుగునించి ఐసు నీళ్లు
చుక్కలు చుక్కలుగా తారు మీద.
ఏడో సైకిలు దాటేసరికి
కారిందంతా లెక్కేస్తే
ఓ చెంబుడు ఉంటదేమో.