పరగడుపు

పొద్దుగాల ఐదున్నరకు నా బండి మీద
ఐసు పెట్టె, సూదులు, దూది, ఎర్ర మూతల సీసాలు.
ఇంకా ఏమీ తిననోళ్ల ఇండ్లు తిరుగుడే నా నౌకరి.

నానక్‌రాంగూడల ఇరవై మూడో అంతస్తు.
గోడంతా అద్దమే, అద్దం నిండా సూర్యుడే.
రాత్రి డ్యూటీ దిగి పరదాలు దించుకున్న వైదేహి మేడం
నిద్రకళ్లతో చెయ్యి చాపింది.
నరం ఇట్టే దొరికింది,
ఎండ ముట్టని చర్మం కింద నీలం దారం లెక్క.
"మెట్లెక్కితే ఎముకలు సలుపుతున్నయి" అంది.

మర్నాడు కాయితం మీద విటమిన్ డి: తొమ్మిది.
మే నెలల తారు కరిగే ఊరు ఇది.
ఈ ఊర్లె ఎండకు కరువా!
అద్దం వెలుతురును రానిస్తది,
ఎముకకు కావాల్సిన దాన్ని మాత్రం బయటనే నిలబెడతది,
కింద వాచ్‌మన్ నన్ను నిలబెట్టినట్టు.

హబ్సిగూడల కొండల్రావు సారుకు
అరికాళ్లల్ల చీమలు పారుతయట.
చెప్పు జారిపోయినా తెలుస్తలేదట.
గుడ్డు ముట్టడు, పాలు మానేసి ఆరేండ్లు.
ఏ ఆకులా దొరకని విటమిన్ అది సారూ
అని చెప్పబోయి ఊకున్న.
నేను సూది మనిషిని, డాక్టర్ని కాదు.

మాపటికి గుడిమల్కాపూర్ రోడ్డు పక్కన
గోనెపట్టా మీద మల్కమ్మ.
తోటకూర, పొన్నగంటి, గంగవాయిలి, మునగాకు.
నీళ్లు చల్లి చల్లి ఆమె వేళ్లే కాడలైనయి.
ఎండ ఆమెకు కొదవలేదు.
పక్కన మనుమరాలు అమూల్య, ఆరేండ్లది,
పొద్దుగూకంగనే గోడ తడుముతున్నది.
చిల్లర కింద పడితే చెవితో వెతుకుతున్నది.

ఫోన్ లైటు కొట్టి చూసిన.
తెల్లగుడ్డు అంచున చిన్న నురగ మచ్చ.
రేచీకటి.
ఈ మాట నాకు కోర్సుల చెప్పలే,
మేక కార్జం కాల్చి తినిపిస్తూ మా నాయనమ్మ చెప్పింది.

"ఇంట్ల ఏం వండుతవ్ మల్కమ్మా?"
"రేషన్ బియ్యం. గంజి వంచుత. పచ్చిపులుసు."
"మరి ఆకుకూర?"
పండ్లన్నీ కనపడేటట్టు నవ్వింది:
"అమ్మేది తింటే అమ్ముకునేదేంది బిడ్డా?"

నాకు కోపమొచ్చింది. ఎవరి మీదనో తెల్వలే.
ఇరవై రూపాయలిచ్చి మునగాకు కొన్న,
అదే కట్ట పిల్ల ఒళ్లో పెట్టిన.
"ఇప్పుడిది నీ సరుకు కాదు, నాది.
పప్పుల వెయ్యి. నూనె ఇంకొక్క చెంచా పొయ్యి,
లేకుంటే కడుపులకు పోయినా కంటిదాకా రాదు."
తెల్లారి బస్తీ దవాఖానకు బండి మీద ముగ్గురం.
చెంచాడు పచ్చటి నూనెమందు మింగి
అమూల్య మొహం చిట్లించింది: "చేపల వాసన!"

ఆ తర్వాత నా రూటు మార్చిండ్రు.
నెల దాటినంక ఒక సాయంత్రం ఆ దిక్కే పోయిన.
వీధి దీపాలు ఇంకా వెలగలే.
మల్కమ్మ కట్టలు లెక్కపెడుతున్నది.
పిల్ల రోడ్డుకు అటుపక్క ఫ్లైఓవర్ పిల్లర్ మీది నంబరు
వేలు పెట్టి గాలిల దిద్దుతూ చదువుతున్నది:
ఎనిమిది...
ఆగింది. కండ్లు చికిలించింది.
"అక్కా, దాని పక్కన ఉన్నది ఒకటా? ఏడా?"

హెల్మెట్ తీసి నేనూ చూసిన.
నాకూ సరిగ్గా కనపడలే.
పొద్దున్నుంచి నేనూ ఏం తినలే.