చిల్లర

మైపాడు గేటు దగ్గర
తెల్లారుజాము నాలుగున్నర.
ఫ్రిజ్జు అట్టపెట్టెకి అడుగు కోసి, పల్లెవెలుగు రంగులేసి,
టైలర్ ఖాజావలీ కుట్టిచ్చిన పట్టీలు భుజాలకి తగిలించుకుని
నేనే బస్సునై నిలబడ్డాను.
ముందు బోర్డు: నెల్లూరు – మైపాడు, వయా ఇందుకూరుపేట.

ఇరవై రెండేళ్లు ఈ రోడ్డు మీదే టికెట్లు కొట్టాను.
ఎక్కడ గుంత వస్తుందో నా నడుముకి తెలుసు,
ఎక్కడ స్టేజీ మారుతుందో నిద్రలో అడిగినా చెబుతాను.
కాళ్లకే ఏమీ తెలియదు.
అవి ఎప్పుడూ బస్సులోనే నిలబడి ఉన్నాయి.

"ఏంది మే పెంచలరత్నం, యాభై తొమ్మిదేళ్లకి ఈ వేషమేంది?"
డ్రైవర్ మాలకొండయ్య స్కూటరేసుకుని వచ్చి మరీ అడిగాడు.
వేషాల పరుగయ్యా, వేషం లేకుంటే రానీరు, అన్నాను.
నాది వేషం కాదని మాత్రం చెప్పలేదు.

రైట్ రైట్.

రొయ్యల మేత అమ్మే కుర్రాడు తానే రొయ్యై
మీసాలు ఊపుకుంటూ దాటిపోయాడు.
ఒక ఇడ్లీ. రెండు ట్యాబ్లెట్లు.
నడుముకి దున్నపోతు తల కట్టుకున్న యముడు,
వారం రోజులూ కరెంటు బిల్లులు తీస్తాడట.

మొదటి ఐదు కిలోమీటర్లు బస్సు ఖాళీ.
గుంటల్లో ఏరేటర్లు చీకటిని చిలుకుతున్నాయి.
అలవాటుగా ఎడమచెయ్యి పైకిపోయి కడ్డీ వెతుక్కుంది,
గాలి దొరికింది.

ఇందుకూరుపేటలో చంటిబిడ్డతో ఒకామె
నవ్వుతూ చెయ్యెత్తింది.
చెయ్యెత్తితే ఆగకుండా పోవడం నాకు రాదు. ఆగాను.
ఆగిన మోకాళ్లు మళ్లీ స్టార్టవ్వలేదు.
ఇడ్లీ వెనక నించి తోసిపెట్టాడు.

పదిహేను దాటాక అట్ట అంచు తొడల్ని ఒరుసుకుని
చెమట తగిలినచోటల్లా మంట.
ఎవరు పంపారే నిన్ను, అని తిట్టుకున్నాను.
ఎవరూ పంపలేదు, అదే చిక్కు.
డ్యూటీ చార్టులో నా పేరు ఎవరూ రాయలేదు.

పదహారో రాయి మీద యముడు కూలబడ్డాడు, పిక్క పట్టేసింది.
నిమ్మచెక్కకి ఉప్పద్ది నోట్లో పెట్టాను.
మొహం చిట్లించి లేచాడు.
నా బస్సు వెనక తాడు పట్టుకుని కుంటుతూ వస్తుంటే
ఫుట్‌బోర్డు మీద నిలబడకయ్యా, లోపలికి జరుగు, అన్నాను.
ఇద్దరం నవ్వాం. నవ్వుకి కూడా ఊపిరి ఖర్చయింది.

గంగపట్నంలో చేపల గంప దించుకుని ఒక ముసలామె
బోర్డు కాదు, నా మొహం చదివింది.
"నువ్వా మే! నాకు ఏడు రూపాయలియ్యాల నువ్వు.
టికెట్టు వెనక రాసిచ్చి దిగేటప్పుడు మరిచిపోయినావే!"
ఎప్పుడవ్వా?
"కోవిడుకి ముందు."
బస్సు నిండా నేనే ఉన్నాను, జేబులో పైసా లేదు.
తర్వాత ఇస్తా, అన్నాను.
అదే మాట. అదే గొంతు.

ఇరవై ఒక్క కిలోమీటర్లు అయిపోయాయనుకున్నాను.
ఇంకా తొంభై ఏడు మీటర్లున్నాయన్నారు.
ఆ చిల్లర దగ్గర ఏడ్చాను.
నోట్లన్నీ ఇచ్చేశాక
అడుగున మిగిలిన బిళ్లలు ఏరినట్టు
ఒక్కో అడుగూ ఏరి కట్టాను.

గీత అవతల సముద్రం.
ఇరవై రెండేళ్లూ ఇక్కడ పది నిమిషాల హాల్టు.
ఎస్సార్ రాసి, టీ తాగి, బెల్లు కొట్టి వెనక్కి.
చప్పుడు రోజూ విన్నాను, మొహం చూసింది లేదు.
అట్టబస్సుతో సహా నీళ్లలోకి దిగాను.
ముందు రంగు కరిగింది, తర్వాత వయా కరిగింది.
నెల్లూరు కాసేపు తేలి మునిగింది.

తిరుగు బస్సు మెట్టు ఎక్కడానికి ఇద్దరు పట్టుకోవాల్సొచ్చింది.
కొత్త కండక్టరు మెడలో పతకం చూడకుండానే
జీరో టికెట్టు చేతిలో పెట్టాడు.
కిటికీ పక్కన కూర్చున్నాను, మొట్టమొదటిసారి.
యముడి దగ్గర పది రూపాయలు అప్పు తీసుకున్నాను.

గంగపట్నం, గంగపట్నం! అని అరిచాడు పిల్లాడు.
హోల్డాన్, అన్నాను.
దిగేవాళ్లున్నారు.