కొండ కింద వ్యాను

ఎనిమిది సీట్లు, ఎనిమిది గొడుగులు.
లిస్బన్‌లో ఎక్కించుకున్నప్పుడే చెప్పేసింది జుల్మీరా:
"కొండమీద ఈ పూట మంచు. డబ్బు వాపసు లేదు."
నవ్వుతూనే చెప్పింది. ఆవిడ ఏదైనా నవ్వుతూనే చెబుతుంది,
ఆఖరి రాజు ఓడెక్కి పారిపోయిన సంగతి కూడా.

నా పని బండి తోలడం.
సింత్రా మలుపులు రెండో గేరు దాటనివ్వవు.
ఎడమ అద్దంలో నాచుపట్టిన గోడ,
లోపలి అద్దంలో ఎవరిదో మొహం పాలిపోతూ.
"సంచులు సీటు వెనకే ఉన్నాయి" -
ఇంగ్లీషులో నాకు తడబడకుండా వచ్చే వాక్యం అదొక్కటే.

పందొమ్మిదేళ్లుగా కోటగుమ్మం దాకా దించి వస్తాను.
లోపలికి వెళ్లింది లేదు.
టిక్కెట్టు ధర ఒక కారణం.
పార్కింగ్ ఇంకో కారణం.
మూడోది ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇవాళ ఒక పెద్దావిడ దిగలేదు.
పోలండ్ నుంచి, బోగుమీలా అని జాబితాలో పేరు.
మెట్లెన్ని అని సైగ చేసింది.
వేళ్లు చూపబోయి, వేళ్లు చాలక
రెండు చేతులూ గాల్లోకి ఎగరేశాను.
సరేలెమ్మని మళ్లీ సర్దుక్కూర్చుంది.

వాన కాదు, మంచూ కాదు,
చెట్లే మెల్లగా చెమటోడుస్తున్నట్టు చుక్కలు.
కోట ఉండాల్సిన చోట తెల్లగా ఏమీ లేదు.
నా దాల్చినచెక్క జున్నుబిళ్ళను విరిచి సగమిచ్చాను.
ఆవిడ తిని, వేళ్లు తుడుచుకుని,
ఆవిరిపట్టిన అద్దంమీద గీసింది:
మూడు బురుజులు, ఒక గుమ్మటం, ఒక జెండా.
ఇలాగేనా అన్నట్టు చూసింది.

అలాగే. కానీ ఒకటి తక్కువైంది.
నేను వంగి, గోడ వెనకవైపు
చిన్న తలుపు గీశాను.

ఎందుకో చెప్పడం మొదలుపెట్టాను, నా భాషలోనే.
మా అమ్మ పొద్దున్నే ఆ తలుపులోంచి వెళ్లేదనీ,
మోకాళ్లమీద గది నుంచి గదికి పాకుతూ నేల తుడిచేదనీ,
ఇంటికొచ్చి పలకల రంగులు చెప్పేది గానీ
పైకప్పు ఎలా ఉంటుందో అడిగితే
"చూడాలిరా ఒకరోజు" అనేదనీ,
ఆ నేలమీద బూట్లతో నడవడం నావల్ల కాదనీ.

ఒక్క ముక్కా అర్థమై ఉండదు.
ఆవిడ తన మోకాలిని రెండుసార్లు తట్టింది.
అద్దంమీది చిన్న తలుపుని చూపించింది.
మళ్లీ మోకాలు తట్టింది.

తలుపు తీసుకుని మిగతావాళ్లు ఎక్కారు,
తడిసిన కుక్కల వాసనతో, సణుగుళ్లతో.
"మూడున్నర గంటలు! ఒక్క బురుజు కనపళ్లేదు!"
జుల్మీరా నవ్వుతూ హీటరు వేయమంది.
అద్దంమీద కోట ముందు జారింది, తర్వాత జెండా.

నేల అంతమయ్యే కొనకి చేరేసరికి
గాలి ఒక్క ఊపున ఆకాశాన్ని ఊడ్చేసింది.
దీపస్తంభం, దాని కింద కొండచరియ,
ఆ కింద నురగ, ఆ తర్వాత ఇంకేమీ లేదు, నీళ్లే.
అందరూ పరిగెత్తారు. ఒకాయన టోపీ సముద్రానికి కట్నంగా పోయింది.
పడమటి అంచున నిలబడ్డామని పత్రం కొనుక్కునేవాళ్లు కొనుక్కున్నారు.

ఇక్కడ మెట్లు లేవు. బోగుమీలా దిగింది.
సముద్రానికి వీపు పెట్టి నిలబడింది.
దూరంగా, కొండ నెత్తిన,
పసుపూ ఎరుపూ, అగ్గిపెట్టెంత కోట.
ఇక్కణ్ణుంచి ఆ తలుపు కనపడదు.
ఆవిడ కళ్లు చిట్లించి వెతుకుతూనే ఉంది.

తిరుగుదారిలో జుల్మీరా తలలు లెక్కపెట్టింది, ఎనిమిది.
"ఏంటి బెల్మీరో, ఆవిడతో అంతసేపు ముచ్చట?
ఏ భాషలో? దేని గురించి?"

నేల గురించి, అన్నాను.
గేరు మార్చాను.