చిన్న అంకెకి పెద్ద కన్ను

గాంధీ రోడ్డులో దుకాణం మూసేస్తా
చెంగల్రాయులన్న నాకమ్మిన కెమెరా ఇది.
ఒక బాడీ, రెండు లెన్సులు,
మెడపట్టీ మీద ఎవరి పెళ్ళిదో పసుపు మరక.
"బాటరీ మూత వదులు, చూసుకో" అన్నాడు.
ఇంకేం చెప్పలేదు.

ఇరవై రెండేళ్ళుగా ఆస్పత్రి ల్యాబులో
మైక్రోస్కోపు మర తిప్పిన వేళ్ళు నావి.
ముందు మంచు, తర్వాత మరక,
ఆ తర్వాత తటాలున కణాలు.
ఫోకస్ నాకొక లెక్కా అనుకున్నాను.

ఆ పొగరు మొదటి ఆదివారమే దిగిపోయింది.
స్లయిడు మీద రక్తం కదలదు.
లీలామహల్ సర్కిల్లో ఏదీ నిలబడదు.
ఆటో వచ్చింది, ఆటో పోయింది,
నా ఫోటోలో
ఆటో వదిలిపోయిన పొగ మిగిలింది.

అపర్చర్‌ది తలకిందుల లెక్క.
చిన్న అంకెకి పెద్ద కన్ను,
పెద్ద అంకెకి సూది బెజ్జం.
మా చిన్నమ్మ సుగుణ మాదిరి.
తక్కువ మాట్లాడిన రోజే
అంతా చూసేసేది.

ఆ పెద్ద కన్ను తెరిచి
ఈసీజీ గది మునిరత్నాన్ని తీస్తే
ముక్కు కుదిరింది, చెవులు మంచులో పోయినాయి.
"నా చెవులేం చేసినాయక్కా నీకు?" అన్నాడు పాపం.

ఐఎస్ఓ పెంచితే ఆకాశం నిండా ఆవాలు.
తగ్గిస్తే నా చేతుల వణుకు బయటపడతాది.
రాత్రిపూట మిద్దె మీద
నీళ్ళ ట్యాంకుకి కెమెరా ఆనించి, ఊపిరి బిగబట్టి,
ఘాట్ రోడ్డులో దిగే బస్సుల దీపాల్ని పట్టాలనుకున్నా.
కొండ మీద అగ్గిపుల్ల గీసినట్టు ఒక్క గీత వచ్చింది.
తక్కిందంతా పక్కింటివాళ్ళ టీవీ డిష్షు.
తుడిపెయ్యబుద్ధి కాలేదు.

యాభై లెన్సుకి జూమ్ లేదు.
"కాళ్ళున్నాయి కదమ్మా" అంటాడు ఫోన్లో చెంగల్రాయులన్న.
నా మోకాళ్ళ సంగతి ఆయనకేం తెలుసు!

కార్తీకంలో ఒక రోజు,
ఇంకా మబ్బు ఉండంగానే పూలంగడికి పోయినాను.
బంతిపూల గంప మీద ప్లాస్టిక్ పట్ట,
పట్ట మీద వాన చుక్కలు.
వాటికోసమే పోయింది నేను.
గంప వెనక ఒక పిల్ల,
పళ్ళ మధ్య నార కొన,
చూపు ఎక్కడో ఉన్నా వేళ్ళు అల్లతానే ఉన్నాయి.
"ధరణీ, చిల్లరుందా?" ఎవరో కేకేశారు.

ధరణి.
డెంగీ రోజుల్లో ఒక ట్యూబు చీటీ మీద
నా చేత్తో రాసిన పేరు.
పదకొండు వేలు.
నమ్మక మళ్ళీ లెక్కపెడితే తొమ్మిది.
మూడోసారి లెక్కపెట్టలేదు,
కాగితం పట్టుకుని మెట్లెక్కి వార్డుకి పరుగెత్తాను.
ఆ తర్వాత ఏమైందో
మా కిటికీ దాకా రాదు.

ఊళ్ళో ఎంతమంది ధరణులు లేరు.
ఈ పిల్ల కాకపోవచ్చు.
అడగలేదు. అడగకూడని పని అది.
"ఒక ఫోటో తీసుకుంటానమ్మా" అన్నాను, అంతే.

రాత్రి పెట్టిన నిదానపు షట్టరు
మార్చడం మరిచాను.
గంప నిలబడింది, బల్బు నిలబడింది,
నా అదృష్టం, ఆ పిల్ల మొహమూ నిలబడింది.
మణికట్ల నుంచి కిందికి
తెల్లటి పొగ.

వెనక తెర మీదికి వంగి చూసింది.
"నా చేతులు యాడికి పోయినాయి?"
"ఆగలేదమ్మా అవి."
"ఆగితే మూర ఎవురు కడతారు?" అని నవ్వింది.

ఇంకొకటి తీద్దామని సెట్టింగు మార్చేలోగా
మూత ఊడి బాటరీ బంతిపూలల్లో పడింది.
తనే వెతికి, పావడాకి తుడిచి, లోపలికి నెట్టి,
మూత చుట్టూ తడి నార రెండు చుట్లు తిప్పి
బిగించి ముడేసి
మిగిలిన కొనని పంటితో కొరికేసింది.

చెంగల్రాయులన్న కొత్త మూత తెప్పిస్తానంటాడు.
నార ఎండి, ముడి ఇంకా గట్టిపడింది.
వద్దులే అన్నా.