ఎర్ర సిరా ఏ

భాద్రపదం వస్తే మా ఏడో తరగతి
సగం సీడు పత్తిలకు పోతది.
రిజిస్టర్ల ముప్పై ఒక్క పేర్లు,
నా ముందట పదమూడు తలకాయలు.
మిగిలినోళ్లు గట్టు రోడ్డు అవతలి చేన్ల
తెల్లారంగనే మగపువ్వు చేతబట్టి
సాలు సాలుకు నిలబడి ఉంటరు.

నేను నల్లగొండ దిక్కుదాన్ని.
క్రాసింగ్ అంటే మొదటేడు రైలుగేటనుకున్న.
నవ్వి నవ్వి హుసేనప్పకు ఎక్కిళ్లొస్తే
నేనే నీళ్లు తాపిన.

వీళ్లకు చదవొస్తది.
అంటే, నేనొక ముక్క అంటే వీళ్లొక ముక్క అంటరు.
బొక్కెన బావిల పడ్డట్టు
గొంతులన్నీ ఒక్కసారి పడతయ్.
పైకి లాగి చూస్తే నీళ్లుండవు.

అందుకే పాఠం పక్కకు పెట్టి
బోర్డు మీద మూలకు రాసిన:
ఎవరు రాసిన్రు?
ఎవరికి రాసిన్రు?
ఏం రాయక విడిచిన్రు?
నెల దినాలు తుడవలేదు,
మాసినప్పుడల్లా సుద్ద మీద సుద్ద దిద్దిన.

ఉప్పు ప్యాకెట్ చదివినం.
గద్వాల బస్సు టికెట్టు చదివినం.
గోడ మీది పురుగుమందు బొమ్మ చదివి
"నవ్వుతున్న ఆ రైతు చేతులు చూడు టీచర్,
గింజంత మన్ను లేదు" అన్నది పర్వీన్.
ఆ దినం నాకు
ఒకటో తారీఖు కాకున్నా జీతం ముట్టింది.

మూడో ప్రశ్న మరిగినోళ్లు ఊకుంటరా.
శుక్రవారం హాజరు వేస్తుంటే
హుసేనప్ప నా భుజం మీంచి తొంగిచూసి
ఎర్ర సిరా ఇంగ్లీషు అక్షరాన్ని
తెలుగుల చదివిండు:
"ఏ."
ఏ అంటే ఏంది టీచర్?
రాలేదని, అన్న.
"ఏడికి పోయిందో రాయలె.
ఏంటికి పోయిందో రాయలె.
ఏ కాడనే ఆపేసినవు."

ఎవ్వరూ నవ్వలేదు.
బోర్డు దిక్కు చూసిన. నా రాతే.
ఎవరు రాసిన్రు? నేను.
ఎవరికి? మండలాఫీసుకు.
మూడోదానికి నోరు రాలేదు.
ఇంటర్వెల్ గంట కొట్టిన్రు, బతికిన.

పందొమ్మిది ఏ లు దాటుకొని
జమ్ములమ్మ బడికొచ్చింది.
బొటనవేలి గోరు పచ్చబడి, కొస చీలి.
జడల ఇరుక్కున్న ఎర్ర కాగితం తునక,
మొగ్గలకు తొడిగేది.
సైన్సు సారు సెలవు, పీరియడు నాకే పడ్డది.
పరాగ సంపర్కం.
"గాలి, నీరు, తేనెటీగలు, సీతాకోకచిలుకలు
పుప్పొడిని ఒక పువ్వు నుండి మరొక పువ్వుకు
చేరవేస్తాయి."
ఆమె చదివింది. గుంపుల కాదు, ఒక్కతే,
వేలు పెట్టి, ఒక్కొక్క మాటను
మొగ్గ మీది పొర తీసినట్టు తీసుకుంట.
ఆగింది.
బోర్డు మూలకు చూసింది,
మళ్ల పుస్తకం చూసింది.
ఏమీ అనలేదు. కూసున్నది.

సాయంత్రం బల్లలు సర్దుతుంటే కనబడ్డది.
తేనెటీగ బొమ్మ పక్కన, అంచుకు,
పెన్సిల్ మొన విరిగేంత ఒత్తి:
"మేము గుడ."

పుస్తకాల మీద గీతలు పెట్టొద్దని
జూన్‌ల చెప్పినదాన్ని నేనే.
ఏడాది కొసకు వాపసు తీసుకోవాలె,
వెనకొచ్చేటోళ్లకు ఇయ్యాలె.
రబ్బరు చేతులకొచ్చింది.
తుడవకున్నా సరే,
దీర్ఘమన్న దిద్దుదామా అనిపించింది.
పుస్తకం మూసి, దొంతిల నడుమకు దోపిన.
వచ్చే జూన్‌ల ఎవరికి దొరుకుతదో.

తెల్లారి జమ్ములమ్మ రాలేదు.
ఇంకో వారం పూత ఉన్నదట.
ఎర్రపెన్ను తీసిన. గడి శానా చిన్నది.
మొన ఆనిచ్చిన కాడ
సిరా కొంచెం ఊరి, అంటుకుంది.
హుసేనప్ప
భుజం మీంచి చూస్తనే ఉన్నడు.