ఒకటే పళ్ళెం

తోర్షావ్న్ రేవులో మూడున్నరకే చీకటి.
చేపల వేలం ఆఫీసులో రన్వా
పాత ప్రోగ్రాం విప్పుకుని కూర్చుంది.
రెండు పడవల పేర్లు అడిగితే
రెండింటికీ ఒకే అడ్రసు చెబుతోంది, వారం నుంచి.
ఒకరు పట్టిన కాడ్ చేపల లెక్క
ఇంకొకరి తెర మీద.
స్కిప్పర్లు ఫోన్లో తిట్టిన తిట్టు తిట్టకుండా తిడుతున్నారు.

ఆ ఫంక్షన్ మంచిదే.
పేరు చెబితే చాలు,
మధ్యలో చుక్కలతో నాలుగు అంకెలు తెచ్చి పెడుతుంది.
కాకపోతే దాని ఇంట్లో ఒకటే పళ్ళెం.
రెండోసారి అడిగావో
మొదటి వడ్డన తుడిచేసి అందులోనే వడ్డిస్తుంది.
ఈ సంగతి మాన్యువల్‌లో ఉంది,
ఎవరూ చదవని అడుగు పేరాలో.

రన్వా ఒక్క లైను చేర్చింది:
వచ్చింది వచ్చినట్టు ముందు నీ గిన్నెలోకి వంచుకో.

పని అయింది. లేవచ్చు.
లేవకుండా, తిరగేసి అడిగింది:
ఊరూ పేరూ తెలియని ఈ పద్దెనిమిది ఎవరు?
స్వార్ట్‌బాకుర్, అంది యంత్రం.

ఆ పడవను తుక్కు కింద కోసేసి ఆరేళ్ళు.
పేరు కొట్టేయడం పాత ఉద్యోగి హైనర్ మరిచిపోయాడో,
చెయ్యి రాలేదో.

సరే, ఇటునుంచి పేరు పెట్టి అడిగి చూసింది.
'లేదు' అంటే ఒకటి రావాలి.
'ఇప్పుడు కాదు, మళ్ళీ అడుగు' అంటే రెండు.

రెండు వచ్చింది.

కోటు గుండీలు ఒక చేత్తో పెట్టుకుంటూ
రన్వా మళ్ళీ అడిగింది.